టీల బాకీ

బరంపురం

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ తాత ఆశీస్సులు.

మొన్న పండక్కి వచ్చినప్పుడు మీలో ఇద్దరు ఎలక్షన్ల మీద మాటా మాటా అనుకుని, చెరో గదిలో కూర్చుని భోంచేశారు. మీ బామ్మ బాధపడింది. నాకు నవ్వొచ్చింది. మేం అంతకంటే గట్టిగానే పోట్లాడుకున్నాం. మా హాస్టల్ మెస్సులో వేరే గది లేదు, అంతే.

1969 మాట. మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పోయారు. ఆయన స్థానానికి కాంగ్రెస్ నీలం సంజీవరెడ్డిని నిలబెట్టింది. మన వి.వి. గిరి ఇండిపెండెంట్‌గా దిగారు. ఆయన పుట్టింది ఈ బరంపురంలోనే, 1894లో. ఇద్దరూ తెలుగువాళ్లే! అక్కడే వచ్చింది చిక్కు. 1936 దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒడిశాలో కలిశాక ఇది ఎవరి ఊరన్న వాదన పెద్దవాళ్లలో చల్లారలేదు. మా హాస్టల్లో మాత్రం తెలుగువాళ్లు ఒక పక్క, ఒడియావాళ్లు ఒక పక్క కాలేదు. 'మా ఊరి బిడ్డ' అని గిరి కోసం అరిచినవాళ్లలో ఒడియా కుర్రాళ్లే ఎక్కువ.

నేను గిరి పక్షం. నా గదివాడు, రాయగడ అబ్బాయి, రెడ్డి పక్షం. వాడి వాదన తేలిగ్గా తీసెయ్యలేం. "ఇందిరాగాంధీ తాను సంతకం పెట్టిన అభ్యర్థినే వదిలేసి, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమంటే, ఇక పార్టీ ఎందుకురా?" అనేవాడు. నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. బ్యాంకుల జాతీయీకరణ గురించి మాట్లాడి తప్పించుకునేవాణ్ని. మూడో మంచం వాడు ఒడియా అబ్బాయి. వాళ్ల నాన్నగారు స్వతంత్ర పార్టీ అభిమాని కాబట్టి వాడు ఆ పార్టీ బలపరిచిన మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ వైపు. ఒక గదిలో మూడు పార్టీలన్నమాట.

ఆ నెలలోనే రాయగడవాడి మనియార్డరు రాలేదు. మెస్సు బోర్డు మీద వాడి పేరు రాసి, మర్నాటి నుంచి అన్నం లేదన్నారు. మేం పదిమందిమి వెళ్లి మా పేర్లు కూడా రాయమన్నాం. మా వెనకాల ఇంకొందరు. సాయంత్రానికి బోర్డు తుడిచేశారు. తిరిగొస్తూ మెట్ల మీదే మళ్లీ అంతరాత్మ గొడవ మొదలు. థ్యాంక్స్ ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఆశించలేదు.

ఓడినవాడు వారం రోజులు టీ ఇప్పించాలని పందెం. ఆగస్టు 20న టీ కొట్టు రేడియో చుట్టూ మూగాం. రాష్ట్రపతికి ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలే; వాళ్ల ఒక్కో ఓటుకు ఇంత విలువని లెక్క. గెలవాలంటే మొత్తం 4,18,169 విలువ కావాలి. తొలి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. సగం దాటలేదు కాబట్టి వెనకబడిన అభ్యర్థులను ఒక్కొక్కరినే తీసేసి, ఆ బ్యాలెట్ల మీద రెండో ప్రాధాన్యంగా ఎవరి పేరుంటే ఆ ఓటు వాళ్లకు కలుపుతారు. దేశ్‌ముఖ్ ఓట్లలో ఎక్కువ రెడ్డికే వెళ్లాయి, నా గుండె జారింది. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427.

నేను ఎగిరి గంతేశాను. రాయగడవాడు కదల్లేదు. "తొలి లెక్కలో నెగ్గలేదుగా, పందెం చెల్లదు" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు! రూలు పుస్తకం తెచ్చి చూపించాను. మూడో మంచం వాడు మధ్యవర్తిగా మూడు రోజుల టీలకు రాజీ కుదిర్చాడు, తనకూ మూడు టీలు పుచ్చుకుని. మిగతా నాలుగు రోజులు బాకీ.

1977లో సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఆ వారమే నాకు రాయగడ నుంచి కార్డు ముక్క వచ్చింది: "ఈసారి రెండో లెక్క అక్కర్లేదు. నాలుగు టీలు కొట్టేసుకో. పైన వారం టీలు నువ్వే బాకీ."

ఇంకా తీర్చలేదు. వచ్చే నెల వస్తానన్నాడు.

మీ తాత