రబ్బరు తాగిన కిరోసిన్

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు ఫొటో పంపారు. మేడ మీద గదిలో వాళ్లబ్బాయి కసరత్తు కోసం నల్ల రబ్బరు టైల్స్ పరిపించారట. కొన్నాళ్లకే అతుకుల దగ్గర ఉబ్బి పైకి లేచాయి. "సరుకు నాసిరకమంటారా?" అని అడిగారు. ఎలా తుడుస్తున్నారని అడిగాను. చీమలు రాకుండా బకెట్టు నీళ్లలో రెండు మూతల కిరోసిన్ కలిపి రోజూ తుడిపిస్తున్నారు. చిక్కంతా ఆ రెండు మూతల దగ్గరే ఉంది.

దీన్ని మీ కళ్లతోనే చూడొచ్చు. మూత ఉన్న రెండు చిన్న గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో కిరోసిన్ పోసి, చెరో రబ్బరు బ్యాండు వేసి, పొయ్యికి దూరంగా రాత్రంతా ఉంచండి. నీళ్లలోది పొద్దున్నకి వేసినట్టే ఉంటుంది. కిరోసిన్‌లోది మాత్రం పొడుగై, లావై, వేళ్ల మధ్య మెత్తగా జారుతుంది. కాస్త లాగితే పుటుక్కున తెగుతుంది.

సహజ రబ్బరు అణువంటే కార్బన్, హైడ్రోజన్‌లతో అల్లిన మహా పొడుగాటి దారం. కిరోసిన్‌లో ఉన్నవీ ఆ రెండే. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి రబ్బరులోకి చొరబడవు. కిరోసిన్‌కి ఆ పట్టు లేదు. దారాల సందుల్లోకి దూరి వాటిని ఎడంగా జరుపుతుంది. అదే ఉబ్బడం.

మరి కరిగిపోదేం? ముడుల వల్ల. చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికన్ 1839లో రబ్బరుకి గంధకం కలిపి వేడి చేస్తే, దారానికీ దారానికీ మధ్య గంధకం ముడులు పడ్డాయి. కృష్ణలో వేసే చేపల వలని తలుచుకోండి. ఎంత సాగదీసినా, ముడులు ఉన్నంతవరకు వల వలే. ముడులు లేని పచ్చి రబ్బరు అయితే పూర్తిగా కరిగిపోతుంది. పంక్చర్ షాపులో ట్యూబుకి పూసే సొల్యూషన్ అలా కరిగించిన రబ్బరే!

ఉబ్బడానికీ ఒక హద్దుంది. కిరోసిన్ దారాలతో కలిసిపోవాలని చూస్తుంది, సాగిన దారాలు వెనక్కి లాగుతాయి. రెండు బలాలూ సరితూగిన చోట ఉబ్బు ఆగుతుంది. ముడులు తక్కువైతే ఉబ్బు ఎక్కువ. ఫ్లోరీ, రేనర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1943లో దీనికి సమీకరణం రాశారు. రబ్బరు ఎంత ఉబ్బిందో కొలిచి, లోపల ఎన్ని ముడులున్నాయో లెక్కగట్టొచ్చు. ఇంత అందమైన విషయాన్ని మన బళ్లలో "రబ్బరుకి గంధకం కలపడాన్ని వల్కనైజేషన్ అంటారు" అని ఒక్క వాక్యంలో, రెండు మార్కులకి ముగించేస్తారు. రబ్బరు బ్యాండూ సీసా క్లాసుకి తీసుకెళ్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

బ్రాడీపేట గదికి వద్దాం. కిరోసిన్ నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. ముంచిన గుడ్డ ఆ పొరనే ఎత్తుకుని అతుకుల్లోకి దింపుతుంది. అక్కడ గాలి తగలదు, ఆవిరి కాదు. అంచులు ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పక్కకి జాగా లేక పైకి లేస్తాయి.

ఫినాయిల్ కూడా వద్దు. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడుతుందే, అది సన్నటి నూనె బొట్ల వల్లే. తలకి రాసుకున్న కొబ్బరినూనె కూడా ఇదే జాతిది, శవాసనం వేసేటప్పుడు తల కింద తువ్వాలు పరుచుకోండి. దిష్టికని కొందరు తుడిచే నీళ్లలో కల్లుప్పు వేస్తారు. ఉప్పు రబ్బరుని ఉబ్బించదు గానీ, నీళ్లు ఆరాక సందుల్లో తెల్లగా పేరుకుంటుంది. దిష్టి వల్ల ఏ టైలూ లేవదు, నామాట నమ్మండి.

దుమ్ము ఊడ్చి, బకెట్టు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, బాగా పిండిన గుడ్డతో తుడవండి. తర్వాత ఒకసారి ఉత్త నీళ్లతో. అంతే.

అమ్మా, ఆ టైల్స్ పారేయకండి. ముడులు తెగలేదు. ఊడదీసి, నీడలో, కిటికీలు తెరిచి, విడివిడిగా నిలబెట్టండి. కిరోసిన్ మెల్లగా ఎగిరిపోతుంది, దారాలు చాలావరకు తమ చోటికి తామే వస్తాయి. వారానికోసారి టేపు పెట్టి కొలుస్తూ ఉండండి. కొలత తగ్గడం ఆగాక మళ్లీ పరవండి. మన ఎండలో మాత్రం ఆరబెట్టకండి, ఎండకి రబ్బరు బీటలు వారుతుంది.