"రెండే డైవ్‌లు చేశాడట": వేలంలో కొనే పాత స్క్యూబా సామాన్లపై అపోహలు - వాస్తవాలు

విశాఖలో స్క్యూబా సామాన్లు సర్వీసింగ్ చేయడం నా పని. ఈ మధ్య నా బల్ల మీదికి వస్తున్న పాత రెగ్యులేటర్లలో (నీళ్లలో దిగినప్పుడు ట్యాంకులోని గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించే పరికరాల్లో) చాలావరకు ఈబేలో వేలం పాడి కొన్నవే. ఇక్కడి కుర్రాడు రాత్రంతా మేలుకుని బిడ్ వేస్తాడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బావగారి ఇంటికి డెలివరీ పెట్టిస్తాడు. ఆయన సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో సర్దుకుని తెస్తారు. కుర్రాడు దాన్ని నా దగ్గరికి పట్టుకొచ్చి అనే మాట ఎప్పుడూ ఒకటే: "అన్నా, రెండే డైవ్‌లు చేశాడట. పదేళ్లుగా గ్యారేజీలోనే ఉందట. కొత్తదాని కిందే లెక్క కదా?"

కాదు. అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచుతున్న అపోహ ఇదే. కాబట్టి ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: వాడకుండా దాచిన రెగ్యులేటర్ కొత్తదానితో సమానం.

షెడ్డులో పదేళ్లు పడి ఉన్న బండిని బయటికి తీసి నేరుగా హైవే ఎక్కించం కదా. రెగ్యులేటర్ విషయంలో మాత్రం ఆ జాగ్రత్త ఎవరికీ గుర్తుండదు. రెగ్యులేటర్‌లో ట్యాంకుకు బిగించే భాగం ఫస్ట్ స్టేజ్, నోట్లో పెట్టుకునేది సెకండ్ స్టేజ్. సెకండ్ స్టేజ్‌లో గాలి లేనప్పుడు కూడా స్ప్రింగు దాని సీటును (మూతలా పనిచేసే మెత్తటి బిళ్లను) ఆరిఫిస్ అంచుకు, అంటే గాలి వచ్చే రంధ్రం అంచుకు నొక్కిపెట్టే ఉంచుతుంది. ఏళ్ల తరబడి అలా నొక్కుకుపోతే మెత్తటి సీటు మీద గుండ్రంగా గాడి పడుతుంది. ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు) నొక్కుకుపోయిన ఆకారంలోనే బిగిసిపోతాయి. గ్రీజు ఎండిపోతుంది. ఇక ఆ రెండు డైవ్‌లూ సముద్రంలో చేసి, తర్వాత మంచినీళ్లలో సరిగా నానబెట్టకపోతే ఉప్పు లోపలే ఉండిపోయి పదేళ్లపాటు తీరిగ్గా లోహాన్ని తింటుంది. వారం వారం నీళ్లలో దిగుతూ ఏటా సర్వీసుకు వచ్చే రెగ్యులేటర్లు చాలాసార్లు వీటికంటే శుభ్రంగా ఉంటాయి. తయారీదారులు సర్వీసు గడువును డైవ్‌ల లెక్కలోనే కాదు, కాలం లెక్కలో కూడా పెట్టేది ఇందుకే. ఏడాదా, రెండేళ్లా అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. ఏది ముందు వస్తే అదే గడువు.

"నోట్లో పెట్టుకుని పీల్చి చూశాం, బాగానే వస్తోంది" అంటారు. హాల్లో సోఫా మీద కూర్చుని పీల్చితే దాదాపు ఏ రెగ్యులేటరైనా గాలి ఇస్తుంది. నేల మీద ఒత్తిడి దాదాపు 1 బార్ అయితే, 20 మీటర్ల లోతులో 3 బార్లు, 30 మీటర్ల దగ్గర 4. అక్కడ ఒక్కో శ్వాసకు మూడు నాలుగు రెట్ల గాలి కావాలి. దాన్ని ఇవ్వగలదో లేదో సోఫా చెప్పదు.

మొన్నామధ్య హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఇలాంటిదే ఒకటి తెచ్చాడు. చూడటానికి తళతళలాడుతోంది, క్రోమ్ మీద గీత కూడా లేదు. డస్ట్ క్యాప్ తీసి ఫస్ట్ స్టేజ్ ఫిల్టర్ చూపించాను. ఆకుపచ్చగా ఉంది. అంటే ఎప్పుడో ఉప్పునీళ్లు లోపలికి వెళ్లాయి, ఇత్తడి చిలుము పట్టింది. ఫిల్టర్ తుప్పు రంగులో ఉంటే స్టీల్ సిలిండర్ లోపలి తుప్పు వచ్చిందని, నల్లగా ఉంటే కంప్రెసర్ ఫిల్టర్ల మసి కావచ్చని మేం అనుమానిస్తాం. ట్యాంకుకు బిగించి, ఇన్‌ఫ్లేటర్ హోస్‌కు (జాకెట్‌లోకి గాలి పంపే గొట్టానికి) ఐపీ గేజ్, అంటే రెండు స్టేజుల మధ్య ఒత్తిడి చూపే మీటరు పెట్టాను. ముల్లు తొమ్మిదిన్నర బార్ల దగ్గర ఆగి కదలకూడదు. అది ఆగలేదు. మెల్లగా 10 దాటింది, 11 దాటింది, ఆపైన సెకండ్ స్టేజ్ బుసకొట్టడం మొదలుపెట్టింది. నీళ్లలో అదే ఫ్రీఫ్లో (గాలి ఆగకుండా బయటికి పోవడం) అయితే నిండు ట్యాంకు నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

ఆ మోడల్‌కు సర్వీస్ కిట్లు (మార్చాల్సిన సీట్లు, ఓ-రింగుల సెట్లు) తయారుకావడం మానేసి చాలా ఏళ్లయింది. అండమాన్‌కు టికెట్లు బుక్ చేసుకుని ఉన్నాడేమో, పిల్లాడి ముఖం వాడిపోయింది. "ఈ ఒక్క ట్రిప్‌కు సరిపోదా అన్నా?" అని అడిగాడు. సరిపోదని చెప్పాను. అక్కడ షాపులో సెట్ అద్దెకు తీసుకోమన్నాను. తప్పు అతనిది కాదు. అమ్మినవాడూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, నిజంగానే రెండే డైవ్‌లు చేసి ఉండవచ్చు. ఆ మాటతో లోపలి పరిస్థితి తెలియదు, అంతే.

కాబట్టి బిడ్ వేసే ముందే మూడు సంగతులు తేల్చుకోండి. అచ్చంగా ఆ మోడల్‌కు కిట్ ఇప్పటికీ దొరుకుతోందా? దాన్ని సర్వీస్ చేసే టెక్నీషియన్ మీకు అందుబాటులో ఉన్నాడా? చాలా కంపెనీలు కిట్లను తమ అధీకృత డీలర్లకే ఇస్తాయి. మూడోది లెక్క. రెండు స్టేజులు, ఆక్టోపస్ (అదనంగా ఉండే రెండో సెకండ్ స్టేజ్) కలిపి సర్వీసుకు అమెరికాలోనే తరచూ 150 డాలర్లు దాటుతుంది. హోస్‌లు మార్చాల్సి వస్తే అది వేరు. వేలంలో 80 డాలర్లకు పడిందని సంబరపడితే లెక్క తప్పినట్టే. మీ గరిష్ఠ బిడ్‌లోంచి సర్వీసు ఖర్చు ముందే తీసేయండి. పాతవన్నీ పనికిరావని నేననడం లేదు. స్క్యూబాప్రో ఎంకే 2 లాంటి సాదా డిజైన్లు దశాబ్దాలుగా నడుస్తున్నాయి, వాటికి విడిభాగాలూ దొరుకుతాయి. చక్కగా సర్వీస్ చేయించినవాటిని నేనే సంతోషంగా బిగించి ఇస్తుంటాను.

అపోహ: సిలిండర్ కూడా అక్కడే చవక, తెప్పించుకోవచ్చు.

వద్దు. ఖాళీ సిలిండరైనా సరే, దిగుమతికి గ్యాస్ సిలిండర్స్ రూల్స్, 2016 ప్రకారం పెసో (కేంద్ర ప్రభుత్వ పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అనుమతి ఉండాలి. అది లేనిదాన్ని ఇక్కడ నింపకూడదు. పైగా 1990కి ముందరి కొన్ని అల్యూమినియం సిలిండర్లు 6351 మిశ్రమంతో చేసినవి. వాటికి మెడ దగ్గర పగుళ్లు వస్తాయని తేలి, అమెరికాలో ప్రత్యేకంగా ఎడ్డీ కరెంట్ పరీక్ష (విద్యుత్ సాయంతో కంటికి కనిపించని పగుళ్లను పట్టేది) పెట్టారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బీసీడీ (నీళ్లలో తేలడాన్ని అదుపు చేసే గాలి జాకెట్) పైన గుడ్డ బాగుంటే చాలదు. గాలి నింపి రాత్రంతా వదిలేయండి, పొద్దున్నకు గట్టిగానే ఉండాలి. ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. లోపల ఉప్పు గలగలమంటే సందేహించండి. అల్లిక తొడుగు హోస్‌లు పైకి ఎంత బాగున్నా, వేడి ప్రాంతాల్లో కొన్నిటి లోపలి పాలియురేథేన్ గొట్టం స్ఫటికాలుగా మారి దారి మూసుకుపోయిన సందర్భాలున్నాయి. పాతవైతే మార్చేయండి. డైవ్ కంప్యూటర్ (నీళ్ల కింద ఎంతసేపు ఉండొచ్చో లెక్కకట్టి చూపే పరికరం) వెలిగినంత మాత్రాన సరిపోదు. రీకాల్ అయిందేమో (కంపెనీ వెనక్కి పిలిచిందేమో) అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ జాబితాలో చూడండి. యువాటెక్ అలాడిన్ ఎయిర్ ఎక్స్ నైట్రాక్స్ అనే మోడల్‌లో లెక్కల లోపం ఉందని 2003లో రీకాల్ చేశారు. అలాంటి పాత పీసులు ఇళ్లలో ఇంకా పడి ఉంటాయి. మాస్కు, ఫిన్స్ విషయంలో ఏ టెన్షనూ పెట్టుకోకండి, సిలికాన్ మెత్తగా ఉంటే చాలు.

అపోహ: బాగోకపోతే వెనక్కి పంపేయొచ్చు.

పంపేయొచ్చు, కానీ గడువు లోపల. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ సాధారణంగా డెలివరీ నుంచి 30 రోజులు. అక్టోబరులో బావగారి ఇంటికి చేరిన పార్సిల్ సంక్రాంతిదాకా అల్మరాలో ఉంటే, నేను గేజ్ పెట్టేనాటికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పార్సిల్ అందిన వారంలోపే అక్కడి డైవ్ షాపుకు తీసుకెళ్లమని బావగారిని బతిమాలండి. ఐపీ ఎంత ఉందో, నిలబడుతోందో లేదో, ఫిల్టర్ రంగేమిటో కాగితం మీద రాయించి ఫొటోలు తీయమనండి. "బాగా పనిచేస్తోంది" అని రాసి అమ్మినవాడితో మాట్లాడాలంటే ఆ కాగితమే ఆధారం. ప్రకటనలోనే "పార్ట్స్ కోసం" అనో "పనిచేయడం లేదు" అనో రాసి ఉంటే మాత్రం తర్వాత అడగడానికి ఏమీ మిగలదు. ఇప్పటికే కొనేసి గడువు దాటిపోయినవాళ్లు మొహమాటపడి దాచుకోకండి. నా దగ్గరికైనా, ఇంకో టెక్నీషియన్ దగ్గరికైనా తీసుకెళ్లండి. కిట్ దొరికే మోడలైతే చాలావరకు బాగుపడుతుంది. సర్వీసయ్యాక తీసేసిన పాత సీట్లు, ఓ-రింగులు ఒక కవర్లో వేసి ఇవ్వమని తప్పకుండా అడగండి.