నూట అరవయ్యో మెట్టు

ప్రతి జనవరిలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ మొదలయ్యే వేళకు మన క్రీడా పేజీల్లో ఒక వాక్యం మళ్లీ కనిపిస్తుంది: మహిళల సింగిల్స్ మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, భారతీయులెవరూ లేరు. సానియా మీర్జా సింగిల్స్ మానేసి డబుల్స్‌కే పరిమితమైన నాటి నుంచి ఆ వాక్యాన్ని మార్చే అవకాశం ఏ గ్రాండ్‌స్లామ్‌లోనూ రాలేదు. ఆ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయిన వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు అంకితా రైనా. సింగిల్స్‌లో ఆమె అందుకున్న అత్యుత్తమ ర్యాంకు 160.

ప్రవేశ పరీక్షలో నూట అరవయ్యో ర్యాంకు వస్తే ఊరి కూడలిలో ఫ్లెక్సీ కట్టే రాష్ట్రాలు మనవి. టెన్నిస్‌లో అదే అంకె చూస్తే పెదవి విరుస్తాం. ఆ విరుపుకు కారణం, చిత్రంగా, సానియాయే. 2005 జనవరిలో వైల్డ్ కార్డుతో, అంటే నిర్వాహకులు ఇచ్చే ప్రత్యేక ప్రవేశంతో, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అడుగుపెట్టి మూడో రౌండులో సెరెనా విలియమ్స్ ఎదురుగా నిలబడింది. ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. సెప్టెంబరుకల్లా యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు. పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఇంతా ఒక్క ఏడాదిలో చేసి చూపించేసరికి, టెన్నిస్‌లో పైకి వెళ్లడమంటే లిఫ్టు ఎక్కడమే అనుకున్నాం. అంతకుముందు ఆమె మనీలాలో, లాగోస్‌లో, ఇంకా ఎన్నో చోట్ల చిన్న టోర్నీలు ఆడి గెలిచింది. ఆ కింది స్థాయిలో ఆమెకు 14 సింగిల్స్ టైటిళ్లున్నాయి. వాటిని టీవీ చూపలేదు కాబట్టి మన లెక్కలోకి రాలేదు.

అంకిత కథ ఆ చూపని మెట్ల మీదే నడిచింది. అందుకే మెట్లు ఎవరు కట్టారో, ఎలా కట్టారో తెలియకుండా ఆమె ర్యాంకుకు అర్థం తెలియదు.

మహిళల వృత్తి టెన్నిస్ పుట్టిందే డబ్బు తగాదాలో. 1970లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక పెద్ద టోర్నీ పురుషుల విజేతకు 12,500 డాలర్లు, మహిళల విజేతకు 1,500 డాలర్లు ప్రకటించింది. బిల్లీ జీన్ కింగ్‌తో కలిపి తొమ్మిది మంది కాదని లేచి వెళ్లారు. పత్రికాధిపతి గ్లాడిస్ హెల్డ్‌మన్ పూనికతో హ్యూస్టన్‌లో తలా ఒక డాలరుకు ఒప్పందం రాసి వేరే పోటీ పెట్టుకున్నారు. 1973లో మహిళా టెన్నిస్ సంఘం, అంటే డబ్ల్యూటీఏ, ఏర్పడింది. 1975 నవంబరులో కంప్యూటర్ ర్యాంకింగ్ వచ్చింది, మొదటి నంబర్ వన్ క్రిస్ ఎవర్ట్. ఈ ర్యాంకింగే అసలు మలుపు. అంతవరకు ఎవరిని పిలవాలో నిర్వాహకుల ఇష్టం. ఇక మీదట సోమవారం వెలువడే జాబితాయే గేటు పాసు.

గేటు పాసు ఉన్నప్పుడు అది సంపాదించుకునే చోటు కూడా ఉండాలి కదా. 1980లలో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్, కింది స్థాయి మహిళల సర్క్యూట్‌ను నడపడం మొదలుపెట్టింది. అడుగున పదివేల డాలర్ల టోర్నీలు, వాటి మీద పాతికవేలు, యాభై వేలు, లక్ష. గెలిచిన కొద్దీ పాయింట్లు, పాయింట్లు పెరిగిన కొద్దీ పై టోర్నీల్లో ప్రవేశం. కాగితం మీద చక్కటి నిచ్చెన. కానీ వచ్చిన పాయింట్లు 52 వారాలే నిలుస్తాయి. పోయిన ఏడాది ఈ వారం గెలిచినది ఈ ఏడాది నిలబెట్టుకోకపోతే ర్యాంకు జారిపోతుంది. నిచ్చెన అనడం కంటే వైకుంఠపాళి అనడమే సరి. పాము ఏ గడిలో ఉందో ముందే తెలిసినా తప్పించుకోలేని వైకుంఠపాళి.

అడుగు మెట్టు ప్రైజ్‌మనీ దశాబ్దాల తరబడి పదివేల దగ్గరే ఉండిపోయింది. 2017లో పదిహేను వేలయింది. ఇది విజేతకు దక్కే సొమ్ము కాదు. సింగిల్స్, డబుల్స్ కలిపి అందరికీ పంచే మొత్తం. సింగిల్స్ గెలిచిన అమ్మాయికి రెండు వేల డాలర్ల పైచిలుకు వస్తుంది. మెయిన్ డ్రా మొదటి రౌండులో ఓడితే నూట యాభై డాలర్లకు అటూ ఇటూ. అందులోంచి ఆడిన దేశం పన్ను కోసుకుంటుంది. విమానం టికెట్టు, హోటల్, రాకెట్‌కు గట్టింగ్, బట్టల ఉతుకు, తిండి అన్నీ తన చేతి నుంచే.

టర్కీలో అంటల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్, ట్యునీసియాలో మొనాస్టిర్ పేర్లు ఈ అమ్మాయిల నోట మన బస్‌స్టాండ్ల పేర్లంత మామూలుగా వస్తాయి. సముద్రం ఒడ్డున రిసార్ట్, దాని కోర్టుల మీద వారం వారం ఒకే రకం టోర్నీ. పర్యాటకులు తక్కువగా ఉండే రోజుల్లో గదులు నింపుకోవడానికి హోటల్‌కు టెన్నిస్ పనికొస్తుంది. ఊరు మారే ఖర్చు లేకుండా నాలుగైదు వారాలు ఆడుకోవడం అమ్మాయిలకు కలిసొస్తుంది. ఇరుపక్షాలకూ లాభమే, పాయింట్లు వచ్చినంత కాలం.

లెక్క ఎక్కడ కుదురుతుందో ఐటీఎఫ్ స్వయంగా తేల్చింది. 2013 సంవత్సరపు వివరాల మీద అది జరిపిన సమీక్ష ప్రకారం ఒక మహిళ ఏడాదంతా ఆడటానికి సగటు ఖర్చు 40,180 డాలర్లు. కోచ్ జీతం ఇందులో లేదు. ఆ ఖర్చుకు సరిపడా ప్రైజ్‌మనీ రావాలంటే ర్యాంకు 253 లోపు ఉండాలి. మహిళలందరికీ కలిపి ఆ ఏడాది అందిన ప్రైజ్‌మనీలో సగం పైన మొదటి ఒక్క శాతం క్రీడాకారిణులకే వెళ్లింది. కోచ్‌ను వెంట తీసుకెళ్తే 253 కూడా చాలదు. అంటే అంకిత చేరిన 160, చేతి డబ్బు పెట్టకుండా ఆడగలిగే గీతకు కాస్త పైన మాత్రమే. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో నేరుగా చోటు దొరికే గీతకు చాలా కింద. ఆ మెయిన్ డ్రాలో ఉండేది 128 మంది. ర్యాంకుతో నేరుగా వచ్చేవారు 104, వైల్డ్ కార్డులు 8, క్వాలిఫయింగ్ నుంచి 16. ఈ మధ్యలో ఇరుక్కున్న వారు క్వాలిఫయింగ్ అనే ముందు పోటీలో మూడు మ్యాచ్‌లు గెలిస్తేనే లోపలికి.

ఇక అంకిత. 1993 జనవరిలో అహ్మదాబాద్‌లో కాశ్మీరీ కుటుంబంలో పుట్టింది. ఆట కోసం 2007లో, పద్నాలుగేళ్ల వయసులో, పుణె వెళ్లింది. అక్కడ పీవైసీ హిందూ జింఖానాలో హేమంత్ బేంద్రే దగ్గర శిక్షణ. గుజరాత్ ప్రభుత్వ శక్తిదూత్ పథకం, తరువాత ఓఎన్‌జీసీ ఉద్యోగం ఆమెను నిలబెట్టాయి. చెప్పుకోదగ్గ స్పాన్సర్ లేని భారతీయ క్రీడాకారులకు ప్రభుత్వ రంగ సంస్థే ఇప్పటికీ పెద్ద దిక్కు. దీన్ని మనం అంతగా గుర్తించం.

అయినా ఆమె ఆట ఎప్పుడు పైకి లేచిందో చూడండి. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన ఫెడ్ కప్‌లో, అంటే దేశాల జట్ల మధ్య జరిగే పోటీలో, తనకంటే ఎంతో పై ర్యాంకుల్లో ఉన్న చైనా క్రీడాకారిణి ఝూ లిన్‌నూ, కజకిస్థాన్ క్రీడాకారిణి యూలియా పుతిన్‌త్సేవానూ ఓడించింది. ఆ ఆగస్టులో జకార్తా-పాలెంబాంగ్ ఆసియా క్రీడల్లో సింగిల్స్ కాంస్యం గెలిచింది. సానియా తరువాత ఆసియా క్రీడల మహిళల సింగిల్స్‌లో పతకం గెలిచిన భారతీయురాలు ఆమే. ఆ తరువాతే కేంద్రం ఒలింపిక్ పతకాల పథకంలో ఆమెకు చోటిచ్చింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. ఈ ఆటలో అది మొదలుపెట్టే వయసు కాదు. 2019 ఏప్రిల్‌లో కున్‌మింగ్ ఓపెన్‌లో మాజీ యూఎస్ ఓపెన్ విజేత సమంతా స్టోసర్‌ను మూడు సెట్లలో ఓడించింది. 2020 మొదట్లో థాయ్‌లాండ్‌లోని నోంతబురిలో రెండు పాతికవేల టోర్నీలు గెలిచింది. మార్చి మొదటి వారానికి ర్యాంకు 160. అదే వారం దుబాయ్‌లో భారత జట్టు చరిత్రలో తొలిసారి ఫెడ్ కప్ ప్లేఆఫ్‌కు అర్హత సాధించింది.

మరో వారం తిరగకుండానే కరోనా వచ్చి ప్రపంచమంతటా ఆట ఆపేసింది. ఐటీఎఫ్ టోర్నీలు మళ్లీ మొదలైంది ఆగస్టులో. ఇంతకాలం ఎక్కిన మెట్లన్నీ ఆ ఒక్క నెలకే చేర్చినట్టు, చేర్చి తలుపు వేసినట్టు ఉంటుంది ఈ ఘట్టం చదువుతుంటే.

2021 ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వాలిఫయింగ్‌ను మహమ్మారి వల్ల దుబాయ్‌లో పెట్టారు. అంకిత రెండు మ్యాచ్‌లు గెలిచి, మూడోదానిలో ఒక సెట్ కూడా గెలిచి, ఓల్గా డానిలోవిచ్ చేతిలో ఓడింది. ఎవరైనా తప్పుకుంటే ఆడించడానికి పంపిన లక్కీ లూజర్లలో ఒకరిగా మెల్‌బోర్న్ వెళ్లి క్వారంటైన్‌లో ఉంది. సింగిల్స్‌లో చోటు ఖాళీ కాలేదు. డబుల్స్‌లో రుమేనియాకు చెందిన మిహేలా బుజార్నెస్కుతో జోడీ కట్టి గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో తొలిసారి ఆడింది. అదే పర్యటనలో కమిలా రఖిమోవాతో కలిసి ఫిలిప్ ఐలండ్ ట్రోఫీ గెలిచింది. ఆమె తొలి డబ్ల్యూటీఏ టైటిల్ అది. టోక్యో ఒలింపిక్స్‌లో సానియాతో కలిసి మొదటి సెట్ 6-0తో గెలిచాక కూడా ఉక్రెయిన్‌కు చెందిన కిచెనొక్ సోదరీమణుల చేతిలో ఓడారు. ఆ ఏడాది అర్జున అవార్డు వచ్చింది.

ఒక రౌండుకూ మరో రౌండుకూ తేడా ఎంతో డబ్బులో చెబితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2024లో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వాలిఫయింగ్ మొదటి రౌండులో ఓడినవారికి 31,250 ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చారు. మెయిన్ డ్రా మొదటి రౌండులో ఓడినవారికి 1,20,000. ఒక్క మ్యాచ్ గెలవకపోయినా సరే, లోపల ఉంటే చాలు. నూట యాభై, రెండు వందల ర్యాంకుల మధ్య ఉన్నవారు ఏడాది పొడవునా ఊళ్లు తిరిగేది నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల క్వాలిఫయింగ్ జాబితాల్లో పేరు ఉండటం కోసమే. మిగతా నలభై వారాల ఖర్చును అవే మోస్తాయి.

ఇక్కడ హైదరాబాద్ ప్రస్తావన రావాలి. 2003, 2004, 2005లలో ఫతే మైదాన్ పక్కనున్న టెన్నిస్ కోర్టుల్లో డబ్ల్యూటీఏ టోర్నీ జరిగింది. విజేతలు వరుసగా తమరిన్ తనసుగార్న్, నికోల్ ప్రాట్, సానియా. 2004లో లీజెల్ హ్యూబర్‌తో కలిసి సానియా గెలిచిన డబుల్స్ కప్పు ఆమె తొలి డబ్ల్యూటీఏ టైటిల్. సొంత ఊళ్లో పెద్ద టోర్నీ ఉంటే ఏమవుతుందో దీని కంటే మంచి ఉదాహరణ దొరకదు: వైల్డ్ కార్డు దొరుకుతుంది, విమానం ఖర్చుండదు, ప్రేక్షకులు మనవారు. ఆ టోర్నీ మూడేళ్లకే పోయింది. బెంగళూరులో 2008లో సెరెనా గెలిచిన టోర్నీ తరువాత ఆ స్థాయి మహిళల పోటీ మళ్లీ 2022లో చెన్నైలోనే. మధ్యలో పద్నాలుగేళ్లు. 2008లో అంకితకు పదిహేనేళ్లు, 2022లో ఇరవై తొమ్మిది. ఆమె ఎదగవలసిన కాలమంతా సరిగ్గా ఆ ఖాళీలో పడింది. పుణె, ముంబైలలో ఒక మెట్టు కిందిదైన 125 స్థాయి టోర్నీలు రెండు మూడు జరిగాయి, అంతే. చెన్నైలో ఎట్టకేలకు వైల్డ్ కార్డు వచ్చినప్పుడు మొదటి రౌండులోనే తత్యానా మరియా చేతిలో ఓడింది.

ఇంతలో అడుగు మెట్టునే తీసేయాలని ఐటీఎఫ్‌కు ఆలోచన వచ్చింది. వృత్తి క్రీడాకారులు లెక్కకు మించి ఉన్నారు, వారిని స్త్రీ పురుషుల్లో చెరో 750కి తగ్గిస్తే మిగిలినవారు బతుకుతారని వాదన. 2019 జనవరి నుంచి పదిహేను వేల టోర్నీలకు డబ్ల్యూటీఏ పాయింట్లు ఎత్తేసి వేరే జాబితా పెట్టారు, క్వాలిఫయింగ్ డ్రాలు కుదించారు. పాత ర్యాంకులు ఒక్కసారిగా గాలికి పోయాయని వేల మంది గగ్గోలు పెట్టారు. ఆ ఆగస్టులోనే పాయింట్లు తిరిగి ఇచ్చేశారు. పేదరికాన్ని తగ్గించడానికి పేదలను జాబితాలోంచి తీసేసే పద్ధతి మనకు కొత్తది కాదు. టెన్నిస్‌లో అది ఎనిమిది నెలలు కూడా నిలవలేదు.

జనం చూడని ఈ మ్యాచ్‌లను చూసేవారు మాత్రం ఉన్నారు: పందెగాళ్లు. అంపైర్ నొక్కే ప్రతి స్కోరూ 2012 నుంచి బెట్టింగ్ సంస్థలకు అమ్ముడుపోవడం మొదలైంది. ఐటీఎఫ్‌కు అది పెద్ద ఆదాయం. నూట యాభై డాలర్ల కోసం ఆడే అమ్మాయి మీద ఎక్కడెక్కడి వాళ్లో పందెం కాస్తారు, ఓడితే ఆమె ఫోనుకే బూతులు పంపుతారు. ఆడమ్ లూయిస్ నాయకత్వంలోని స్వతంత్ర కమిటీ 2018లో అడుగు స్థాయి టోర్నీల స్కోర్లు అమ్మడం ఆపమని సిఫారసు చేసింది. 2024లో 458 మంది క్రీడాకారులను ఉద్దేశించి దాదాపు ఎనిమిది వేల దూషణ సందేశాలు వచ్చాయనీ, అందులో నలభై శాతం పందెంలో పోగొట్టుకున్నవారివనీ డబ్ల్యూటీఏ, ఐటీఎఫ్ లెక్క తేల్చాయి.

2024 నుంచి టోర్నీల పేర్లు మారాయి. డబ్ల్యూ15, డబ్ల్యూ35, డబ్ల్యూ50, డబ్ల్యూ75, డబ్ల్యూ100. ఇప్పుడు అంకె ప్రైజ్‌మనీని కాక విజేతకు వచ్చే పాయింట్లను చెబుతుంది. ఈ జాబితాల్లో తెలుగు పేర్లు ఎప్పుడూ ఉంటూనే ఉన్నాయి. రిషిక సుంకర, సౌజన్య బావిశెట్టి ఏళ్ల తరబడి ఆడారు. అమెరికా కాలేజీ టెన్నిస్ దారిలో వెళ్లి వచ్చిన సహజ యమలపల్లి భారత సింగిల్స్‌లో మొదటి స్థానానికి ఎదిగింది.

2025 ఏప్రిల్‌లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీలు జరిగాయి. ఫెడ్ కప్‌కు ఇప్పుడు అదే పేరు. ముప్పై రెండేళ్ల అంకిత ఈసారి డబుల్స్ జట్టులో ఉంది. సింగిల్స్‌లో హైదరాబాద్ అమ్మాయి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి ఆడిన ఐదు మ్యాచ్‌లూ గెలిచింది. భారత్ మళ్లీ ప్లేఆఫ్‌కు చేరింది. దేశం తరఫున గెలిచిన ఆ ఐదు మ్యాచ్‌లకు ర్యాంకింగ్‌లో ఒక్క పాయింటు కూడా ఉండదు. పాయింట్ల కోసం ఆమె మళ్లీ డబ్ల్యూ35 ఎక్కడ జరుగుతోందో వెతుక్కుని వెళ్లవలసిందే.