చేట, చీపురు, ఒక పాత హూవర్

మా అక్క కూతురు ఒహాయోలో ఉంటుంది. పోయిన నెల వాళ్ల వీధిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను వాకిట్లో పెట్టి అమ్ముతుంటే, అందులో ఒక నిలువు వాక్యూమ్ క్లీనర్ కనబడిందట. పొడుగు కర్ర, దానికి వేలాడే గుడ్డ సంచి, కింద మెరిసే అల్యూమినియం తల. కొనేసింది. ఆరు ఫోటోలు పంపి, "మావయ్యా, ఇది ఏ సంవత్సరందో చెప్పగలవా?" అని అడిగింది. హూవర్ అన్న పేరు కనిపిస్తోంది కానీ, మోడల్ నంబరు ఉండాల్సిన చోట రేకు అరిగిపోయింది. ఆ ఫోటోలు చూసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

గాలిని పీల్చి దుమ్ము లాగడం ఎలాగో బడి పుస్తకాల్లోనే ఉంది, దాన్ని వదిలేస్తాను. ఒహాయోలోనే క్యాంటన్ అనే ఊళ్లో జేమ్స్ స్పాంగ్లర్ అనే ఆయన ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఉబ్బసం మనిషి. చీపురు లేపే దుమ్ము పడక తనే ఒక యంత్రం కట్టుకున్నాడు. దానికి 1908లో పేటెంటు వచ్చింది, నంబరు 8,89,823. పక్క ఊరు న్యూ బెర్లిన్‌లో తోలు సామాను చేసే హూవర్ కుటుంబం ఆ హక్కులు కొనుక్కుంది. తర్వాతి 30 ఏళ్లలో బోలెడు మోడళ్లు వచ్చాయి. పది అడుగుల దూరం నుంచి చూస్తే చాలావరకు అన్నీ ఒకటే.

కాబట్టి దగ్గరికెళ్లి చూడాలి. ముందుగా రేకు మీది ఊరి పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ మీద కోపంతో న్యూ బెర్లిన్ పేరును 1918లో నార్త్ క్యాంటన్‌గా మార్చేశారు. రేకు మీద న్యూ బెర్లిన్ అని ఉంటే ఆ రేకు అంతకు ముందుదన్నమాట. కంపెనీ పేరూ మారింది: మొదట ఎలక్ట్రిక్ సక్షన్ స్వీపర్ కంపెనీ, తర్వాత హూవర్ సక్షన్ స్వీపర్ కంపెనీ, 1922 నుంచి ఉత్త హూవర్ కంపెనీ. మా మేనకోడలు పంపిన ఫోటోలో నార్త్ క్యాంటన్, హూవర్ కంపెనీ అని ఉన్నాయి. అంటే 1922 తర్వాతది.

ఇంకా మంచి ఆధారం పేటెంటు నంబర్ల వరుస. అమెరికాలో పేటెంటు నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి పెరుగుతూ పోతాయి. 10 లక్షలవది 1911లో ఇచ్చారు, 20 లక్షలవది 1935లో, 30 లక్షలవది 1961లో. రేకు మీది నంబర్లలో అన్నిటికంటే పెద్దది ఏ ఏడాదిదో తెలిస్తే, ఆ రేకు అంతకు ముందు అచ్చయ్యే వీలే లేదు. తన రేకు మీద పెద్ద నంబరు 17 లక్షల 20 వేల చిల్లర. అది 1929 నాటిది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాతి యంత్రాలకైతే ఇంకో కిటుకుంది. కరెంటు వివరాల దగ్గర 60 సైకిల్స్ అని ఉందా, 60 హెర్ట్జ్ అని ఉందా చూడాలి. రెండూ ఒకటే కొలత, పేరే వేరు. హెర్ట్జ్ అనే పేరును తూనికలు, కొలతల అంతర్జాతీయ సభ అధికారికంగా ఒప్పుకున్నది 1960లో. మన ఇళ్లలోని పాత రేడియోల మీద కిలోసైకిల్స్ అని ఉండేది చూడండి, అదే సంగతి.

తీరా చూస్తే అదే రేకు మీద హూవర్ స్పెషల్ అని కూడా ఉంది. కొత్తది కొన్నవాళ్లు మార్చుకోవడానికి ఇచ్చిన పాత యంత్రాలను కంపెనీయే తీసుకుని, బాగుచేసి, ఈ పేరుతో మళ్లీ అమ్మేది. అలాంటప్పుడు రేకు చెప్పే ఏడాది రేకుదే, యంత్రానిది కాదు. సంచి చిరిగితే మారుస్తారు. వైరు పెళుసుబారితే మారుస్తారు. బెల్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్కో భాగానికి ఒక్కో వయసు కట్టాలి. ఏది మార్చడం ఎంత కష్టమైతే దాని మాట అంత నమ్మాలి. అన్నిటికంటే కష్టం పోతపోసిన లోహపు తల. అందుకే యంత్రాన్ని బోర్లించి మూతి లోపల ఫోటో తీయమన్నాను.

ఆ ఫోటో చూసి కుర్చీలోంచి లేచాను. మూతిలో అడ్డంగా తిరిగే రోలర్‌కి కుచ్చుల వరుసలతో పాటు, వాటి మధ్యన నున్నటి ఉక్కు కడ్డీలు రెండు మెరుస్తున్నాయి. హూవర్ ఈ కడ్డీలను 1926లో మోడల్ 700తో తెచ్చింది. అంతకు ముందు రోలర్‌కి ఉన్నవి కుచ్చులే. పైగా రోలర్ చివరలు కూర్చునే గూళ్లు పోతలోనే కలిసి ఉన్నాయి, తర్వాత తగిలించినవి కావు. అంటే తల కూడా 1926కి ఇటుదే.

ఆ కడ్డీలు ఎందుకో తెలియాలంటే మన చేటను అడగాలి. చేటలో బియ్యం పోసి చెరిగేటప్పుడు చెయ్యి చేటను చటుక్కున కిందికి లాగుతుంది. గింజ తన జడత్వం వల్ల అంత వేగంగా దిగలేక గాల్లో ఉండిపోతుంది. దానికో షరతుంది: చేట దిగే త్వరణం భూమి లాగే త్వరణాన్ని మించాలి, లేకపోతే గింజ చేటతో పాటే దిగుతుంది. సెకనుకు 3 సార్లు, 5 సెంటీమీటర్ల కంపన పరిమితితో (అంటే నడిమి నుంచి ఒక పక్కకు కదిలే దూరం) ఊపితే లెక్క భూమి లాగుడుకు 1.8 రెట్లకు వస్తుంది. అందుకే బియ్యం ఎగురుతాయి. జడత్వానికి బస్సులో తూలిపడే ప్రయాణికుణ్ణే ఎందుకు చెబుతారో నాకు అర్థం కాదు. వంటింట్లో చేట ఉండగా బస్సెందుకు?

ఇప్పుడు తివాచీ. గాలి పీల్పుకి అది నేల మీంచి లేచి యంత్రం మూతికి అతుక్కుంటుంది, కింద పలుచటి గాలి పొర. రోలర్ తిరుగుతూ కడ్డీతో పై నుంచి ఒక్కటి ఇస్తుంది. తివాచీ చటుక్కున దిగుతుంది, దారాల మొదట్లో ఇరుక్కున్న ఇసుక దిగలేక పైకి తేలుతుంది. చేటలో గింజ చేసిందే. రోలర్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుందని అనుకుందాం. రెండు కడ్డీలు, సెకనుకు సుమారు 67 దెబ్బలు. కంపన పరిమితి ఒక్క మిల్లీమీటరే అయినా, త్వరణం పౌనఃపున్యపు (సెకనుకు ఎన్ని ఊపులో ఆ లెక్క) వర్గంతో పెరుగుతుంది కనుక, భూమి లాగుడుకు 18 రెట్లు వస్తుంది. చేటకు దాదాపు పదింతలు! తేలిన ఇసుకను గాలి లాక్కుపోతుంది, అది తూర్పారబట్టడం. వెంట్రుకలు, దారప్పోగులు కుచ్చులకు చిక్కుతాయి, అది చీపురు. ఇది కొడుతుంది, ఊడుస్తుంది, శుభ్రం చేస్తుంది అని హూవర్ ప్రకటనల్లో ఉండేది. చెరగడం, ఊడవడం, తూర్పారబట్టడం అని మనవాళ్లు చెప్పుకోవచ్చు.

మన దగ్గర ఈ నిలువు రకం పెద్దగా రాలేదు. బండలు, మొజాయిక్ ఉన్న ఇంట్లో కొట్టడానికి తివాచీ ఏది? 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ ఇంటింటికీ తిరిగి అమ్మిన యూరోక్లీన్‌లు నేల మీద లాక్కుంటూ వెళ్లే గొట్టం రకం.

తన యంత్రం ముందుభాగంలో దీపం లేదు. 1930లలో నిలువు క్లీనర్లకు మూతి పైన దీపాలు రావడం మొదలైంది. దీపాలు పెట్టాక ఊడిస్తే లక్ష్మి పోతుందని మా అమ్మ చీపురు ముట్టనిచ్చేది కాదు. ఆముదం దీపపు మసక వెలుతురులో ముక్కుపుడక ఊడిపడితే చెత్తతో పాటు పోతుంది కదా, ఆ నమ్మకం అలా పుట్టి ఉంటుందని నా ఊహ. దీపం లేనంత మాత్రాన ఇది అంతకు ముందుదని చెప్పలేం. కానీ 1936లో హెన్రీ డ్రేఫస్ రూపు దిద్దిన మోడల్ 150కి మోటారు మీద బేకలైట్ అనే తొలినాటి ప్లాస్టిక్‌తో చేసిన నున్నటి టోపీ ఉంటుంది. ఇది ఆ తరానిది కాదు.

అదే రాశాను తనకి: తల 1926 తర్వాతది, రేకు 1929 తర్వాతది, సంచి ఎవరో ఈమధ్య కుట్టింది. వైరు గుడ్డ తొడుగు పొడిపొడిగా రాలుతోంది, పొరపాటున కూడా ప్లగ్గు పెట్టొద్దని గట్టిగా చెప్పాను.

నిన్న రాత్రి ఒక ఆడియో పంపింది. యంత్రాన్ని పాత తివాచీ మీద పెట్టి, బెల్టు తీసేసి, రోలర్‌ని వేలితో మెల్లగా తిప్పిందట. కుచ్చులు గరగరమన్నాయి. తర్వాత టక్. మళ్లీ గరగర. మళ్లీ టక్. చుట్టుకి రెండు.