వీఎల్‌సీ 3.0: నారింజ కోన్ వెనుక ఇరవై రెండేళ్లు

2018 ఫిబ్రవరిలో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ 3.0 వెర్షన్ వచ్చినప్పుడు అందరూ మాట్లాడుకున్నది 8కే, హెచ్‌డీఆర్, 360 డిగ్రీల వీడియో, క్రోమ్‌కాస్ట్ గురించే. 8కే టీవీ ఉన్న ఇంటికి అప్పటికి నేనైతే వెళ్లలేదు. నాకు పనికొచ్చిన సంగతి మార్పుల జాబితాలో ఒక్క లైనులో ఉంది: సబ్‌టైటిళ్లలో అక్షరాల కూర్పును ఇకపై హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది.

కంప్యూటర్‌కు ‘అమ్మ’ అంటే నాలుగు ముక్కలు: అ, మ, పొల్లు, మళ్లీ మ. పొల్లును గమనించి, రెండో మను ఒత్తుగా మార్చి కింద తగిలించే పని ఎవరో ఒకరు చెయ్యాలి. చెయ్యకపోతే తెర మీద ‘అమ్‌మ’ అని పడుతుంది. సీన్‌లో కొడుకు తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తుంటే కింద ‘అమ్‌మ’ అని కనిపిస్తే మనకు ఏడుపెలా వస్తుంది? తెలుగే కాదు, ఒత్తులూ గుణింతాలూ ఉన్న మన భాషలన్నిటిదీ ఇదే బాధ.

ఇంత చిన్న విషయానికి 2018 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? వీఎల్‌సీ పుట్టుకలోనే దానికి జవాబుంది.

1996లో పారిస్ దగ్గర ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో నెట్‌వర్క్ మరీ నెమ్మదిగా ఉండేది. కుర్రాళ్లకు కావాల్సింది నెట్‌వర్క్‌లో ఆటలు ఆడుకోవడం. ఆ మాట చెబితే కొత్త నెట్‌వర్క్‌కు డబ్బెవరిస్తారు? అందుకే వేరే దారి పట్టారు. గదికో డిష్ పెట్టే బదులు ఒక్క డిష్‌తో టీవీ పట్టి, దాన్ని నెట్‌వర్క్ మీదుగా గదులన్నిటికీ పంపుతామన్నారు. పంపే ప్రోగ్రామ్ పేరు వీడియోలాన్ సర్వర్, గదిలో చూసేది వీడియోలాన్ క్లయింట్. వీఎల్‌సీలో ‘సీ’ ఆ క్లయింటే. ఇక కోన్ బొమ్మ అంటారా, ఆ కుర్రాళ్ల సంఘం రోడ్ల మీది ట్రాఫిక్ కోన్లు పోగేసేదట.

1998లో ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి మళ్లీ రాశారు. కాలేజీ ఒప్పుకున్నాక 2001 ఫిబ్రవరి 1న జీపీఎల్ లైసెన్సు కింద, అంటే ఎవరైనా కోడ్ తీసుకుని వాడుకునేలా, మార్చుకునేలా, అందరికీ వదిలేశారు. నెట్‌వర్క్ మీద వచ్చే వీడియోలో ముక్కలు పోతుంటాయి కాబట్టి, అందిన దానితోనే సర్దుకుని నడిచేలా కట్టారు. సగమే డౌన్‌లోడ్ అయిన సినిమాను కూడా అది ఆడించేది అందుకే.

మన ఇంటర్నెట్ సెంటర్లలో దానికి పేరొచ్చింది మాత్రం కోడెక్‌ల వల్ల, అంటే కుదించిన వీడియోను, ఆడియోను విప్పి ఆడించే ముక్కల వల్ల. వేరే ప్లేయర్‌లో ఫైలు తెరిస్తే మాట వినపడేది, బొమ్మ రాదు. కోడెక్ ప్యాక్ కోసం వెతికితే దానితో పాటు వైరస్ వచ్చేది. వీఎల్‌సీ విండోస్ మీద ఆధారపడకుండా కోడెక్‌లన్నీ కడుపులోనే మోసుకొచ్చింది. చాలా కోడెక్‌ల మీద వేరేవాళ్ల పేటెంట్లున్నా, ఫ్రాన్స్‌లో సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ చెల్లదన్న ధీమా కూడా వాళ్లకు ఉంది.

అక్షరాల విషయంలోనూ అదే పద్ధతి. విండోస్‌కు ఒత్తులు రాయడం వచ్చినా వీఎల్‌సీ దాన్ని అడగదు, తన అక్షరాలు తనే గీసుకుంటుంది. కోడెక్ కష్టం తీర్చిన పద్ధతే మనకు ఒత్తుల కష్టం తెచ్చిపెట్టింది. గ్రాఫిక్స్ చిప్‌తో డీకోడ్ చేయించడం కూడా 3.0తోనే మామూలు సెట్టింగ్ అయింది. అంతకు ముందు భారమంతా ప్రాసెసర్ మీదే, పెద్ద ఫైలు పెడితే ల్యాప్‌టాప్ ఫ్యాన్ రొద పెట్టేది. అంతకు ముందటి పెద్ద వెర్షన్ 2.2 వచ్చింది 2015లో. ఇంత పని పెట్టుకున్నాక మూడేళ్లు పట్టడం నాకైతే ఎక్కువనిపించదు.

అన్నీ వెంట పెట్టుకు తిరిగే అలవాటు ఇంకో తలనొప్పి కూడా తెచ్చింది. వీఎల్‌సీ తన లైబ్రరీ ఫైళ్లను తానున్న ఫోల్డర్ నుంచే పిలుచుకుంటుంది, అక్కడ ఎవరైనా నకిలీ ఫైలు పెడితే దాన్నే నడిపేస్తుంది. సికాడా అనే చైనా హ్యాకర్ల ముఠా అసలు వీఎల్‌సీనే వాడుకుని తమ మాల్‌వేర్ నడిపించిందని 2022 ఏప్రిల్‌లో కంప్యూటర్ భద్రత సంస్థ సిమాంటెక్ బయటపెట్టింది. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచే మన దేశంలో, వీఎల్‌సీని తయారుచేసే సంస్థ వీడియోలాన్ వెబ్‌సైట్ తెరుచుకోకుండా పోయింది. ప్రభుత్వం కారణం చెప్పకపోవడంతో చాలామంది ఈ రెండిటినీ ముడిపెట్టారు. అసలు సైటు మూసేస్తే జనం ఏ ఊరూ పేరూ లేని సైటు నుంచో దించుకుంటారు, ప్రమాదం అక్కడే ఎక్కువ. ఇంటర్నెట్ హక్కుల కోసం పనిచేసే ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో వీడియోలాన్ అక్టోబరులో ప్రభుత్వానికి లీగల్ నోటీసు పంపింది. నవంబరులో సైటు మళ్లీ తెరుచుకుంది.