తుప్పే తాళం

మురుగు కాలువను మళ్లించినా తమ చెరువు పచ్చగానే ఎందుకు ఉందని మియాపూర్ పాఠకుడొకరు అడిగారు. జవాబు నీళ్లలో లేదు, అడుగు బురదలో ఉంది.

చెరువును పచ్చగా చేసేది నాచు; దానికి ఎరువులు మురుగుతో వచ్చే నత్రజని, భాస్వరం. నత్రజనిలో కొంత వాయువై గాలిలో కలిసిపోతుంది. భాస్వరానికి ఆ దారి లేదు. అలుగు దాటి పోయినంత పోగా మిగిలింది బురదలో చేరుతుంది. అక్కడ దాన్ని పట్టి ఉంచేది తుప్పు! బడిలో తుప్పు పాఠం మేకుతో మొదలై మేకుతోనే ముగిసేది. ఫాస్ఫేటును, అంటే నీళ్లలో భాస్వరం ఉండే రూపాన్ని, అది ఎంత గట్టిగా అంటించుకుంటుందో ఏ మాస్టారూ చెప్పలేదు. చెరువు అడుగున ఉన్నది అక్షరాలా ఇనప్పెట్టె.

ప్రాణవాయువు ఉన్నంతసేపే దానికి తాళం. చచ్చిన నాచును తింటూ బాక్టీరియా ఆ వాయువును ఖర్చు చేసేస్తాయి. తర్వాత ఇనుము మీద పడతాయి. తుప్పులో కరగకుండా ఉండే ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారి కరుగుతుంది. పెట్టె గోడలే కరిగాక లోపలి సొమ్ము ఆగుతుందా? ఆపైన నీళ్లలోని సల్ఫేట్ అనే గంధక లవణం వంతు. దాని నుంచి పుట్టిన సల్ఫైడ్ ఇనుమును నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా బిగించేస్తుంది, కొత్త పెట్టెకు ఇనుము మిగలదు. బురద నలుపు, కుళ్లిన గుడ్ల కంపు ఈ దొంగతనం ఆనవాళ్లే.

నాచులో సగటున 106 కార్బన్ పరమాణువులకు 16 నత్రజని, 1 భాస్వరం. ఆ లెక్కన 1 గ్రాము భాస్వరంతో 100 గ్రాములకు పైగా ఎండు నాచు పెరుగుతుంది. అది కుళ్లడానికి సుమారు 140 గ్రాముల ప్రాణవాయువు కావాలి. 30 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో పట్టేది 7.5 మిల్లీగ్రాములే. అంటే మన వీధుల్లో తిరిగే 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు నాలుగింటి నీళ్లలో పట్టే ప్రాణవాయువంతా ఖర్చు! రాత్రి నాచు కూడా ప్రాణవాయువును పీల్చుకుంటుంది కనుక చేపలు తెల్లవారుజామున తేలతాయి. ఊరేమో అరిష్టమంటుంది.

స్వీడన్‌లోని ట్రుమ్మెన్ సరస్సుకు 1950ల చివర్లో మురుగు ఆపేశారు. పదేళ్లయినా కోలుకోలేదు. 1970, 1971లో దాదాపు మీటరు మందాన బురద తోడాకే తేటపడింది. 1562లో కట్టిన మన హుస్సేన్‌సాగర్‌లో కూకట్‌పల్లి నాలా దశాబ్దాలుగా జమ చేసింది మరి?

నేను ఒక గాజు సీసాలో నల్ల బురద, పైన కాస్త నీళ్లు పోసి బాల్కనీలో ఉంచాను. ఇంట్లో అందరూ ముక్కులు మూసుకున్నారు. కొన్నాళ్లకు బురద మీద పలుచని గోధుమరంగు పొర కట్టింది, గోరంత మందం కూడా లేదు. కంపు భరించలేక మా ఆవిడ మూత బిగించింది. వారం తర్వాత చూస్తే ఆ పొర లేదు.