రద్దయిన సీరియళ్లు మళ్లీ వస్తాయా? బ్రయాన్ ఫుల్లర్ అభిమానుల్లో ఉన్న అపోహలు, వాస్తవాలు

అమెరికన్ టెలివిజన్ రచయిత బ్రయాన్ ఫుల్లర్ పేరు చెప్పగానే అర్ధాంతరంగా ఆగిపోయిన సీరియళ్లే ముందుగా గుర్తుకొస్తాయి. ‘డెడ్ లైక్ మీ’ రెండు సీజన్లతో ముగిసింది. టాడ్ హాలండ్‌తో కలిసి సృష్టించిన ‘వండర్‌ఫాల్స్’ను 2004లో ఫాక్స్ నాలుగు ఎపిసోడ్లకే నిలిపివేయగా, చిత్రీకరించిన మొత్తం 13 ఎపిసోడ్లను చూడటానికి ప్రేక్షకులు డీవీడీ వచ్చేదాకా ఎదురుచూడవలసి వచ్చింది. ‘పుషింగ్ డైసీస్’ 22 ఎపిసోడ్ల దగ్గర, ‘హానిబల్’ 39 ఎపిసోడ్ల దగ్గర ఆగాయి. ఇవి మళ్లీ ఎప్పుడు వస్తాయని అభిమానులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. టెలివిజన్ కథారచన వృత్తిగా ఉన్న నాకు ఆ ప్రశ్న ఎంతో న్యాయంగా తోస్తుంది. కానీ దాన్ని దాదాపు ఎప్పుడూ రచయితనే అడుగుతున్నారు. నిర్ణయం మాత్రం సాధారణంగా ఆయన చేతిలో ఉండదు.

అపోహ: రచయిత తలచుకుంటే సీరియల్ తిరిగి వస్తుంది.

వాస్తవం: అమెరికన్ టెలివిజన్‌లో రచయిత రాసిన స్క్రిప్టుపై కాపీరైట్ సాధారణంగా నిర్మాణ సంస్థకే చెందుతుంది. సృష్టికర్తగా పేరు, ఒప్పందం ప్రకారం కొన్ని చెల్లింపులు రచయితకు దక్కుతాయి తప్ప, ఆ పాత్రలను తీసుకుని మరో చోటికి వెళ్లే స్వేచ్ఛ ఉండదు. ‘హానిబల్’ విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. సీరియల్‌ను నిర్మించింది గోమోంట్ సంస్థ, ప్రసారం చేసింది ఎన్‌బీసీ, పాత్రలు థామస్ హారిస్ నవలల్లోవి. వాటిలోనూ ఎఫ్‌బీఐ పాత్ర అయిన క్లారిస్ స్టార్లింగ్ హక్కులు ఎంజీఎం సినిమా సంస్థ దగ్గర ఉండటం వల్ల, ఫుల్లర్ ఎంత కోరుకున్నా ఆమెను తన కథలోకి తీసుకురాలేకపోయారు. ఈ అడ్డుగోడ రెండు వైపులా ఉంది: 2021లో సీబీఎస్‌లో వచ్చిన ‘క్లారిస్’ సీరియల్ ‘హానిబల్’ ప్రధాన పాత్ర హానిబల్ లెక్టర్ పేరైనా ఎత్తలేకపోయింది. ఒకే నవలలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్న రెండు పాత్రలను హక్కుల పత్రాలు ఇలా విడదీయడం, ఒక రచయితగా నాకు చాలా బాధ కలిగించే విషయం.

రచయిత లేకుండానే పునరాగమనం జరగడానికి కూడా ఈ ఏర్పాటే కారణం. ‘డెడ్ లైక్ మీ’ నుంచి ఫుల్లర్ మొదటి సీజన్‌లోనే తప్పుకున్నారు. 2009లో దానికి కొనసాగింపుగా నేరుగా డీవీడీలో విడుదలైన చిత్రాన్ని ఇతర రచయితలు రాశారు.

అపోహ: ఛానల్‌కు మంచి కథ విలువ తెలియకే రద్దు చేస్తుంది.

వాస్తవం: కొన్నిసార్లు అదీ నిజమే కావచ్చు, కానీ ‘పుషింగ్ డైసీస్’, ‘హానిబల్’ సీరియళ్ల చరిత్ర అంత సరళంగా లేదు. ‘పుషింగ్ డైసీస్’ 2007 అక్టోబరులో ఏబీసీలో మంచి ఆదరణతో మొదలైంది. ఆ నవంబరులో మొదలై 2008 ఫిబ్రవరి దాకా సాగిన రచయితల సమ్మె వల్ల మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లకే ఆగిపోయింది. నెలల తరబడి విరామం తరువాత రెండో సీజన్ వచ్చేసరికి ప్రేక్షకుల అలవాటు తప్పిపోయింది. సమ్మె న్యాయమైనదే, నష్టమూ నిజమైనదే. ‘హానిబల్’ సంగతి దీనికి భిన్నం. ప్రేక్షకుల సంఖ్య మొదటి నుంచీ తక్కువే అయినా, ఖర్చులో పెద్ద భాగాన్ని గోమోంట్ విదేశీ అమ్మకాల ద్వారా భరించడం వల్ల, ఎన్‌బీసీ ప్రసార హక్కుల రుసుముతోనే దాన్ని మూడు సీజన్లు నడపగలిగింది. అంత తక్కువ వీక్షణతో మామూలుగా అయితే అది అంతకాలం నిలిచేది కాదు.

అపోహ: ఒక ఛానల్ వద్దంటే స్ట్రీమింగ్ సంస్థ తీసుకుంటుంది.

వాస్తవం: ఈ నమ్మకానికి చాలామంది ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ను ఉదాహరణగా చూపుతారు. 2018 మేలో ఫాక్స్ దాన్ని రద్దు చేసిన మరునాడే తీసుకున్న ఎన్‌బీసీ ఒక టెలివిజన్ ఛానలే. పైగా ఆ సీరియల్‌ను నిర్మిస్తున్న యూనివర్సల్ టెలివిజన్ ఎన్‌బీసీ సోదర సంస్థ. అంటే బయటివారి ఇంటికి వెళ్లడం కాదు, సొంత ఇంటికి చేరడం. ‘హానిబల్’కు అలాంటి ఇల్లు లేదు. 2015 జూన్‌లో రద్దు ప్రకటన వచ్చేనాటికి దాని స్ట్రీమింగ్ హక్కులు అమెజాన్ దగ్గర ఉన్నాయి. పాత సీజన్లు పోటీదారు దగ్గర ఉండగా కొత్త సీజన్‌కు డబ్బు పెట్టడానికి మరో స్ట్రీమింగ్ సంస్థ సహజంగానే వెనుకాడుతుంది. అప్పటికే ఫుల్లర్ ‘అమెరికన్ గాడ్స్’ అనే మరో సీరియల్ పనికి ఒప్పుకుని ఉన్నారు. నటులూ ఒప్పందాల నుంచి విముక్తులై ఇతర చిత్రాలకు వెళ్లారు. ఇలాంటి చర్చల్లో అభిమానులు అతి తక్కువగా గమనించేది ఈ గడువునే: నటుల ఒప్పందం ఒకసారి ముగిస్తే ప్రతి ఒక్కరితోనూ కొత్తగా బేరం మొదలుపెట్టాలి.

2020లో ‘హానిబల్’ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినప్పుడు నాలుగో సీజన్ ఖాయమని చాలామంది సంబరపడ్డారు. అయితే పాత ఎపిసోడ్లను ప్రదర్శించడానికి తీసుకునే అనుమతి వేరు, కొత్తవి నిర్మించే పెట్టుబడి వేరు.

అపోహ: సంతకాలు ఎక్కువైతే సీజన్ వస్తుంది.

వాస్తవం: 2007లో ‘జెరికో’ సీరియల్ అభిమానులు సీబీఎస్‌కు టన్నులకొద్దీ వేరుశనగలు పంపి రద్దును వెనక్కి తీయించారు. దక్కినవి ఏడు ఎపిసోడ్లు. ఆ తరువాత వీక్షణ పెరగక మళ్లీ రద్దయింది. ఉద్యమం తలుపు తెరిపించగలదు, అది అభిమానుల గొప్ప విజయమే. ఆ తరువాత మాత్రం లెక్కలు ఎప్పటిలాగే చూస్తారు.

అపోహ: తిరిగి వస్తే పాత సీరియలే వస్తుంది.

వాస్తవం: 2006లో ముగిసిన ‘అరెస్టెడ్ డెవలప్‌మెంట్’ 2013లో నెట్‌ఫ్లిక్స్‌లో తిరిగి వచ్చినప్పుడు, నటులందరి తేదీలు ఒకేసారి కుదరక, ఒక్కో ఎపిసోడ్‌ను ఒక్కో పాత్ర చుట్టూ నడపవలసి వచ్చింది. కుటుంబమంతా ఒకే గదిలో పోట్లాడుకోవడమే ప్రాణమైన కథకు అది చిన్న మార్పు కాదు. ‘హానిబల్’ ప్రధాన నటులు మాడ్స్ మికెల్‌సన్, హ్యూ డాన్సీ తిరిగి నటించడానికి సుముఖంగా ఉన్నామని బహిరంగంగానే చెప్పారు, ఫుల్లర్ కూడా అదే కోరుకుంటున్నారు. కాబట్టి ఈసారి పునరాగమనం గురించి వార్త వచ్చినప్పుడు నటుల, రచయితల మాటలతో పాటు, హక్కులున్న సంస్థ ఏమైనా చెప్పిందా, డబ్బు పెట్టే సంస్థ పేరు అందులో ఉందా అని కూడా చూడండి.